ఎవరూ తీసుకోని గొడ్డలి

నవంబర్ 6, గురువారం

బలానికి ఐదు, వేగానికి ఐదు, తెలివికి ఐదు, మంత్రానికి ఐదు, మాటకారితనానికి ఐదు. ఉన్న పాయింట్లన్నీ సమానంగా పంచేశాను. ఎవరికీ అన్యాయం జరగలేదు. ఊరి గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఒక బాతు నన్ను చంపేసింది.

అది మామూలు బాతు కూడా కాదట, చెరువు గట్టున అందానికి పెట్టిన బాతట. దాన్నెవరూ కొట్టరు, అదీ ఎవరినీ కొట్టదు. మా మామయ్య కొడుకు రూనే బావ ఇన్నేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాడు, దాని చేతిలో పోయినవాళ్ళను ఎప్పుడూ చూడలేదన్నాడు. నేను దానికి దారి ఇద్దామని పక్కకు తప్పుకోబోయి తోక తొక్కాను. కత్తి ఎత్తడానికి బలం చాలలేదు. మంత్రం వేయడానికి తెలివి చాలలేదు. పారిపోవడానికి వేగం చాలలేదు. పోనీ క్షమాపణ చెబుదామంటే మాటకారితనమూ చాలలేదు.

ఈ కంప్యూటర్ ఆట పేరు బూడిదకోట. ఇందులోకి మమ్మల్ని దింపింది రూనే బావే. దేశానికి ఉత్తరం కొసన కిరూనాలో బస్సు నడిపి రిటైరయ్యాడు. అక్కడ సూర్యుడు మొహం చాటేసిన నెలల్లో ఆయనకు ఇదే కాలక్షేపం. ఆగస్టులో అమ్మను సాగనంపి కాఫీలు తాగుతున్నప్పుడు, నేనూ అక్కా చెరో మూలన కూర్చుని ఉంటే చూసి, "మాట్లాడుకోవడానికేం లేకపోతే ఇద్దరూ కలిసి దేన్నైనా కొట్టండే" అన్నాడు. అప్పుడు నవ్వేశాం.

అమ్మ ఉన్నన్నాళ్ళూ అక్క ప్రతి ఆదివారం సముద్రం అవతల దీవిలోని వీస్బీ నుంచి ఫోన్ చేసేది. అమ్మ మందులు, అమ్మ కాళ్ళ వాపు, అమ్మ తిన్నదా లేదా. అమ్మ పోయాక మొదటి ఆదివారం వాన గురించి మాట్లాడుకున్నాం. తర్వాతి ఆదివారం గాలి గురించి. ఆ తర్వాతి ఆదివారం అక్క చేయలేదు, నేనూ చేయలేదు. ఈ దేశంలో ఇద్దరి మధ్య వాతావరణం కూడా అయిపోయిందంటే ఇక చుట్టరికం అయిపోయినట్టే. అందుకే బావకు నేనే ఫోన్ చేసి ఆ ఆట సంగతేమిటని అడిగాను. ఇకమీదట ప్రతి గురువారం సాయంత్రం చెవులకు హెడ్‌సెట్లు పెట్టుకుని ముగ్గురం. ఇది కూడా చెడితే నాకూ అక్కకూ మధ్య పుట్టినరోజు కార్డులు తప్ప ఇంకేమీ మిగలవు.

పొగవంతెన చేరేదాకా ఎవరి పాత్రను వాళ్ళు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అక్కడ కాపలావాడు మన దండు పేర్లు రాసుకుంటాడు. ఇక అంతే, చివరిదాకా ఆ మనిషే. బావ ఒక్కటే చెప్పాడు: "వంద గంటలు ఆ మనిషి వీపు చూస్తూ కూర్చోవాలమ్మా నువ్వు. బలమైనదాన్ని కాదు, విసుగు పుట్టనిదాన్ని ఎంచుకో."

నాకు ఏది విసుగు పుట్టదో నాకెలా తెలుస్తుంది.

నవంబర్ 9, ఆదివారం

దొంగ పాత్ర చేసి చూశాను. కనపడకుండా తిరగొచ్చు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకు సరిగ్గా సరిపోతుందనుకున్నాను. రొట్టెలవాడి కొట్లో ఒక రొట్టె దొంగిలించాను. వాడు చూడలేదు. కొట్టు ఊడ్చుకుంటూ ఏదో పాడుకుంటున్నాడు. ఆ పాట విన్నాక రొట్టె ఉంచుకోవడం నావల్ల కాలేదు. తిరిగి ఇచ్చేద్దామంటే ఈ ఆటలో దొంగిలించింది తిరిగి ఇచ్చే పద్ధతే లేదు. రొట్టెను వాడి గుమ్మం ముందు పెట్టి వచ్చేశాను. దాన్ని కుక్క తినేసింది.

పాత్రను చెరిపేశాను.

నీకేది ఇష్టమో అది చెయ్యొచ్చుగా అన్నట్టు మా ఆయన టోర్‌స్టెన్ నా వంక చూసి "హ్మ్" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన హ్మ్‌లన్నీ నాకు అర్థమవుతాయి. ఇది చిరాకు హ్మ్.

నవంబర్ 13, గురువారం

ఈ రోజు ఎవరు ఏమిటో తేల్చుకోవాలి. బావ ఎలాగూ విలుకాడు, పక్క కొండ మీద నుంచి కొడతాడు. ఇక మిగిలింది ముందు నిలబడి దెబ్బలు కాసేవాళ్ళు ఒకరు, వెనక నిలబడి గాయాలు మాన్పే వైద్యురాలు ఒకరు.

నీకేది ఇష్టమని అక్క అడిగింది. నీకెలా వీలైతే అలా అన్నాను. కాదు, నీకెలా వీలైతే అలా అంది. బావ ఇద్దరికీ ఎలా వీలైతే తనకూ అలాగే అన్నాడు. టోర్‌స్టెన్ ఇక్కడ ప్రతి గురువారం మామూలే అయిన బఠాణీ సూప్ గిన్నె తెచ్చి నా పక్కన పెట్టి, పాన్‌కేక్‌లు వేయించడానికి వెళ్ళి, వేయించి, తెచ్చేదాకా మేం అక్కడే ఉన్నాం. తోడేళ్ళు వచ్చి మా ముగ్గురి చుట్టూ తిరిగి, విసుగొచ్చినట్టు వెళ్ళిపోయాయి.

చివరికి అక్కే అంది, "సరేలే, నేను ముందుంటా. సివ్, నువ్వు వైద్యం చూసుకో." ఎప్పటిలాగే. చిన్నప్పటి నుంచీ అంతే, ఆవిడ తేలుస్తుంది, నేను తలూపుతాను.

నాకేం అభ్యంతరం లేదు.

ఆ తర్వాత పాత మిల్లులో మాకు మొదటి పెట్టె దొరికింది. తెరిస్తే పెద్ద గొడ్డలి. రెండు వైపులా అంచు, పిడికి ఎర్రతోలు. నువ్వు తీసుకో అన్నాను. నువ్వు తీసుకో అంది అక్క. నాకెందుకు, మీరు తీసుకోండి అన్నాడు బావ. ముగ్గురం కాసేపు దాని చుట్టూ నిలబడి, మూత వేసి వచ్చేశాం.

నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో కాఫీ వేళ ప్లేటులో చివరి దాల్చినచెక్క బన్ను గతీ ఇదే. ఎవరూ తీసుకోరు. ఎవరో సగం కోస్తారు. ఇంకెవరో ఆ సగంలో సగం. సాయంత్రానికి గోరంత ముక్క మిగిలి, ఎండి, చెత్తబుట్టలోకి పోతుంది. గొడ్డలిని కోయడం కుదరలేదు, అంతే తేడా.

నవంబర్ 14

నాకేం అభ్యంతరం లేదని నిన్న రాశాను కదా. నిజంగానే లేదు.

నవంబర్ 20, గురువారం

వైద్యురాలి పని సులువే. కర్ర ఎత్తితే పచ్చటి వెలుగు వస్తుంది, ఎవరి మీద పడితే వాళ్ళు బాగుపడతారు. మిగతా సమయమంతా అక్క వీపు చూస్తూ నడవడమే.

ఈ వీపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు శీతాకాలం మొదట్లో మా ఊరి చెరువు గడ్డకట్టగానే అవతలి గట్టున ఉన్న మామయ్య ఇంటికి మమ్మల్ని పంపేవారు. అక్క ముందు నడిచేది. చేతిలో ఇనుప మొన ఉన్న కర్రతో మంచును టక్కుటక్కుమని కొట్టి చూసి అడుగేసేది. "నా అడుగుల్లోనే అడుగెయ్" అని హుకుం. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసేది కాదు. నేను వెనకాల నడుస్తూ ఆ కర్ర నాకెప్పుడిస్తుందా అని చూసేదాన్ని. ఎప్పుడూ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

ఇప్పుడూ అదే తీరు. తోడేలు కనపడగానే అక్క ఆగిపోతుంది. ఏమైందని అడిగితే, ఆలోచిస్తున్నా అంటుంది. తెగ ఆలోచించి, కత్తి తీసి, ఒక దెబ్బ వేసి, వెనక్కి పరిగెత్తుకొస్తుంది. అదేదో యుద్ధతంత్రమట.

ఈ రోజు పొరపాటున ఒక తోడేలుకు వైద్యం చేశాను. పాపం కుంటుతోంది. అది బాగుపడి బావను కరిచింది.

పెట్టె తెరిచి చూశాం. గొడ్డలి అక్కడే ఉంది.

నవంబర్ 22, శనివారం

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. ఊరికే చూద్దామని ఇంకో పాత్ర చేశాను. ఊరికే.

పాయింట్లన్నీ బలానికే పోశాను. మాటకారితనం సున్నా, మనిషి గుర్రుమనడం తప్ప ఇంకేం చేయలేదు. తలుపులో పట్టనంత భుజాలు, నెత్తిన ఎలుగుబంటి పుర్రె. పేరు బ్రూటా.

బాతు దగ్గరికి వెళ్ళాను. అందానికి పెట్టిన బాతే. ఒక్క దెబ్బ.

బాగుంది.

నవంబర్ 23

మళ్ళీ ఊరికే.

నవంబర్ 26

పొద్దున్నే కిందకు దిగి వ్యాయామం చేసుకుంటున్నానని టోర్‌స్టెన్ అనుకుంటున్నాడు. కాదని నేను చెప్పలేదు. ఒక విధంగా వ్యాయామమే. ఇవాళ గుహలో రాక్షసుడు ఎదురైతే ఎవరినీ సంప్రదించకుండా వెళ్ళి కొట్టాను. చచ్చిపోయాను. మళ్ళీ వెళ్ళి కొట్టాను. వైద్యం చేసేవాళ్ళు లేరు కాబట్టి చచ్చినప్పుడల్లా మొదటి నుంచి రావాలి. వచ్చాను. విసుగు పుట్టలేదు.

నవంబర్ 30, ఆదివారం

క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాల కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించాం. కిటికీలో నక్షత్రం వేలాడదీశాం. అక్కకు ఫోన్ చేద్దామనుకున్నాను. అక్కడా ఇదే గాలి అయి ఉంటుంది.

మొన్న ఆసుపత్రిలో ఒకాయన నంబరు చీటీ తీసుకోకుండా తిన్నగా రిసెప్షన్‌లో నా గాజు కిటికీ ముందుకు వచ్చాడు. మామూలుగా అయితే నేనే లేచి వెళ్ళి చీటీ తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ రోజు, "చీటీ తీసుకోండి" అన్నాను. గొంతు నాది కాదు, బ్రూటాది. ఆయన గోడ వరకూ వెనక్కి నడిచి చీటీ తీసుకున్నాడు. అప్పటికి ఆ గదిలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

డిసెంబర్ 4, గురువారం

బఠాణీ సూప్. అక్క వీపు. పచ్చ వెలుగు. అక్క వీపు.

వచ్చే గురువారం పొగవంతెన. ఈ రోజు అక్క ఉన్నట్టుండి, నీకిది నిజంగా బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. నిజంగానా అంది. నీకెలా వీలైతే అలా అన్నాను. హెడ్‌సెట్‌లో ఒక నిట్టూర్పు వినపడింది. ఆవిడకు నాతో విసుగొస్తోందని నాకు తెలుసు. బ్రూటా సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే, నీ బదులు నేనే ముందుంటానని అడిగినట్టవుతుంది. ఇష్టపడి కత్తి పట్టిన మనిషి దగ్గర్నుంచి ఎలా లాక్కుంటాను. అలా అని ఇంకో వంద గంటలు ఆ వీపు చూస్తూ కూర్చోనూ లేను. మింగలేను, కక్కలేను.

అలసటగా ఉంది, బహుశా వచ్చేవారం రాలేనేమో అన్నాను. నీ ఇష్టం అంది అక్క.

డిసెంబర్ 11, గురువారం

రాస్తుంటే చెవులు ఇంకా వేడిగా ఉన్నాయి.

వెళ్ళకూడదనుకున్నాను. తీరా ఆ వేళయ్యేసరికి కాళ్ళు ఆగలేదు. నేను వెళ్ళకపోతే అక్కకు కోపం వచ్చి మొత్తం మానేస్తుంది, మానేస్తే మళ్ళీ కార్డులే. కోటు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, జాబితాలో పైనున్న పేరు నొక్కేశాను. పైన ఎప్పుడూ ఆఖరిసారి ఆడిన పాత్ర ఉంటుంది.

వంతెన దగ్గర చలిమంట. మంట పక్కన అక్క, బావ. వాళ్ళెందుకంత చిన్నగా కనపడుతున్నారా అనుకున్నాను. అప్పుడు చూశాను, నా నెత్తిన ఎలుగుబంటి పుర్రె.

నేనే అని ఆ క్షణాన చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాను.

పిలవని పేరంటానికి ఎవరైనా రాకుండా దండుకు తలుపు వేసుకోవచ్చు. కానీ అలా వేస్తే మర్యాదగా ఉండదని బావ మొదటి నుంచీ తెరిచే ఉంచాడు. ఇప్పుడు ఆ తెరిచిన తలుపులోంచి వచ్చిన కొత్త మనిషిని నేను. బస్టాపులో పరాయివాళ్ళు పక్కన నిలబడితే మావాళ్ళు ఏం చేస్తారో వాళ్ళిద్దరూ అదే చేశారు. ఏమీ అనకుండా రెండు మీటర్లు అవతలికి జరిగారు.

"ఎవరు బావా ఈ మనిషి?" అంది అక్క, గొంతు తగ్గించి.

"తెలీదు. అడిగితే బాగోదేమో."

"మన మాటలు వినపడతాయా?"

"వినపడినా ఏం కాదులే. మాటకారితనం సున్నా అని పైన రాసుంది. మూగజీవి."

నేను గుర్రుమన్నాను. అనుమానం రాకూడదని. ఇంకో మీటరు జరిగారు.

సివ్ ఇక రాదని అక్క అంది. వస్తుందిలే, కాసేపు చూద్దామని బావ అన్నాడు. మంట చిటపటలాడుతోంది. లేచి వెళ్ళిపోదామని మౌస్ మీద చెయ్యి వేశాను. అప్పుడే అక్క మొదలుపెట్టింది.

"నిజం చెప్పనా బావా. నాకీ కత్తి వద్దు. మొదటి రోజు నుంచీ వద్దు. తోడేలు కనపడితే కుర్చీలో కూర్చున్నదాన్ని వణికిపోతున్నా. మా డాక్టరు ఈ మధ్య బీపీ గురువారాలే ఎందుకు పెరుగుతోందని అడిగాడు."

"మరి ముందుంటానని ఎందుకన్నావే?"

"ఎవరో ఒకరు ఉండాలిగా. అది ఉండదు. చిన్నప్పుడూ అంతే. చెరువు మీద మంచు గుర్తుందా? కర్ర పట్టుకుని ముందు నడిచేది నేనే. మంచు చిట్లిన చప్పుడైతే చాలు, ఏడుపొచ్చేసేది. ఏడుస్తూనే నడిచేదాన్ని. వెనక్కి తిరిగితే నా మొహం చూసి అది భయపడుతుందని తిరిగేదాన్ని కాదు. నాకు వైద్యురాలిగా ఉండాలని ఉంది బావా. అమ్మ పోయాక ఇంకా ఎక్కువ. తిన్నావా, నొప్పిగా ఉందా అని అడగడానికి ఎవరూ లేకుండా పోయారు. కానీ సివ్ ఆ పచ్చ కర్ర ఎంత ఇష్టంగా పట్టుకుంటుందో చూశావుగా. ఎలా అడగను?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నెత్తిన పుర్రె పెట్టుకుని, గడ్డాన నీళ్ళు కారుతూ, కదలకుండా కూర్చున్నాను. అక్కా, నేనే అని చెబుదామని నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడు, ముప్పై ఏళ్ళుగా హ్మ్ తప్ప ఇంకో మాట ఎరగని మా టోర్‌స్టెన్ గుమ్మంలోకి వచ్చి, చర్చిలో పాఠం చదివినంత స్పష్టంగా అన్నాడు:

"సివ్, పాన్‌కేక్‌లు చల్లారిపోతున్నాయి."

నా హెడ్‌సెట్ మైకులోంచి ఆ మాట చలిమంట దాకా వెళ్ళింది. అది టోర్‌స్టెన్ గొంతు కదూ అన్నాడు బావ. అక్క పాత్ర మెల్లగా నా వైపు తిరిగి, తల ఎత్తి, ఆ పుర్రెను పైనుంచి కింది దాకా చూసింది.

వైరు పీకేశాను.

డిసెంబర్ 12

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

డిసెంబర్ 13, శనివారం

ఏటా ఈ రోజున పాడినట్టే చర్చిలో తెల్లగౌనుల పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని పాడారు. కళ్ళు తుడుచుకున్నాను. పాట వల్ల అని పక్కవాళ్ళు అనుకున్నారు. అక్కకు ఇష్టమనుకుని నేను అడగలేదు. నాకు ఇష్టమనుకుని ఆవిడ అడగలేదు. ఇక ఆవిడ మళ్ళీ రాదు. దొంగచాటుగా విన్నదానితో ఎవరు ఆడతారు.

డిసెంబర్ 14, ఆదివారం

ఫోన్ మోగింది. అమ్మ ఉన్నప్పుడు మోగే వేళకే. ఎత్తాను.

"పాన్‌కేక్‌లు తిన్నావా?" అంది అక్క.

"తిన్నా. చల్లారిపోయాయి."

ఇక గాలి గురించి మొదలుపెడుతుందేమో అనుకున్నాను.

"ఆ పుర్రెదానితో ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నావే?"

"ఈ మధ్యే. ఊరికే."

"సివ్."

"రోజూ. తెల్లవారుజామున లేచి."

"బాగుందా?"

నీకెలా వీలైతే అలా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "చాలా బాగుందక్కా. కనపడ్డ ప్రతిదాన్నీ కొడుతున్నా. బాతును కూడా కొట్టాను."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. అమ్మ పోయాక ఆవిడ నవ్వు వినడం ఇదే మొదటిసారి. నాకూ ఆగలేదు. టోర్‌స్టెన్ వచ్చి చూసి వెళ్ళాడు.

"మంచు మీద ఏడ్చేదానివని నాకు తెలీదక్కా" అన్నాను, కాస్త సర్దుకున్నాక.

"తెలిస్తే ఏం చేసేదానివి? ముందు నడిచేదానివా?"

ఆలోచించాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు. ఇద్దరం కలిసి ఇంటికి పరిగెత్తేవాళ్ళం."

"అదేనే నాక్కావలసింది అప్పుడు" అంది అక్క.

డిసెంబర్ 18, గురువారం

పొద్దున్నే బావ ఫోన్ చేసి, ఇకనైనా ఎవరికి ఏది కావాలో నోరు తెరిచి చెప్పి చావండన్నాడు. తనకు మాత్రం ఎలా ఉన్నా ఫర్వాలేదన్నాడు.

అక్క కొత్త పాత్ర చేసింది. పాయింట్లన్నీ వైద్యానికే. తెల్ల జుట్టు, నడుము చుట్టూ మందుల సంచులు. నా వైద్యురాలి పచ్చ కర్రను ముందే మిల్లులో పెట్టెలో పెట్టి ఉంచాను. మూత తెరిచాం. కర్ర, పక్కనే గొడ్డలి. ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. బావా, మీకేమైనా కావాలా అని అలవాటుగా అడగబోయాను. అడగలేదు. చెయ్యి చాపి గొడ్డలి తీసుకున్నాను. అక్క కర్ర తీసుకుంది. పెట్టె ఖాళీ అయింది. ఇన్నాళ్ళలో మేం ఖాళీ చేసిన మొదటి పెట్టె.

గొడ్డలి బాగా బరువు. బ్రూటాకు సరిగ్గా సరిపోయింది.

టోర్‌స్టెన్ పాన్‌కేక్‌లు తెచ్చిపెట్టాడు. తింటూ తింటూ చూస్తే ప్లేటులో ఒక్కటే మిగిలింది. ఆయన దాని వంక చూశాడు, నేను చూశాను. చాకుతో సగం కోయడానికి ఆయన లేవబోతుంటే, మొత్తంగా ఎత్తి నోట్లో పెట్టుకున్నాను. "హ్మ్" అన్నాడు. ఈ హ్మ్ నేనింతకుముందు వినలేదు. మెచ్చుకోలు అనుకుంటాను.

వంతెన దగ్గర కాపలావాడు పేర్లు అడిగాడు. ముందు ఎవరు అని అడిగాడు. హెడ్‌సెట్‌లో ఎప్పటి నిశ్శబ్దమే.

"నేను" అన్నాను.

రాసుకున్నాడు. ఇక మారదు. నా పాత్రకు నోరు లేదు కాబట్టి ఆ మాట వాడికి గుర్రుమని వినపడి ఉంటుంది, అయినా అర్థం చేసుకున్నాడు.

వంతెన పలకలు కిర్రుమన్నాయి. కింద పొగ. అడుగేస్తే ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయమేసింది. నేను కూర్చున్నది సుండ్స్‌వాల్‌లో మా ఇంట్లోనే అని నాకు తెలుసు, అయినా అడుగు పడలేదు. ఈ భయం అక్కకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. అప్పుడు నిజంగా కింద నీళ్ళున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. నాకు ఏ దెబ్బా తగల్లేదు, అప్పుడే నా మీద పచ్చ వెలుగు పోస్తోంది.

"దెబ్బ తగల్లేదక్కా ఇంకా."

"తెలుసులే. ముందు జాగ్రత్త. నడువు. నీ అడుగుల్లోనే అడుగేస్తున్నా."

నడిచాను. అవతలి గట్టున దారికి అడ్డంగా ఒక బాతు కూర్చుని ఉంది. ఈసారి అదే పక్కకు తప్పుకుంది.